అలోన్సోను మెట్స్ వదులుకోవడం తప్పా? ఒకే ఆటగాడికి రెండు ధరలు

మీరు అడిగింది ఇదీ: పీట్ అలోన్సో న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ టీమ్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ హోమ్ రన్లు (క్రికెట్లో సిక్స్ లాంటివి) కొట్టాడు. గాయాలని చెప్పి పక్కన కూర్చునే రకం కాదు. స్టీవ్ కోహెన్ లాంటి కుబేరుడు ఓనర్‌గా ఉండి కూడా ఐదేళ్లకు 15.5 కోట్ల డాలర్లు ఇవ్వలేక అతన్ని బాల్టిమోర్ ఓరియోల్స్‌కు వదిలేశాడా? అసలు ఇంత ఖరీదైన పవర్ హిట్టర్‌ను టీమ్ ఉంచుకోవాలా వద్దా? ఎడిసన్‌లో మీ అబ్బాయి అలిగి కూర్చున్నాడని, ఇంకెప్పుడూ మెట్స్ ఆట చూడనంటున్నాడని కూడా రాశారు.

నేనూ న్యూజెర్సీలోనే ఉంటాను. పాతికేళ్లకు పైగా ఈ ఆట చూస్తున్నాను. పైగా ఇన్సూరెన్స్‌లో రిస్క్ లెక్కలు కట్టే ఉద్యోగం కాబట్టి కాంట్రాక్టులను కూడా ఆ కళ్లతోనే చూస్తాను. నా మాట ముందే చెప్పేస్తాను. ఐదేళ్ల కాంట్రాక్టుకు మెట్స్ ఒప్పుకోకపోవడం సరైనదే. అదే కాంట్రాక్టు ఇచ్చిన ఓరియోల్స్‌దీ తెలివితక్కువ పని కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడానికి కారణం ఉంది. మనిషి ఒక్కడే, రెండు టీమ్‌లకు పడే ధర ఒక్కటి కాదు.

ముందు ఆ ధర సంగతి చూద్దాం. మనకు ఐపీఎల్ అలవాటు. సన్‌రైజర్స్ హైదరాబాద్ 2025 సీజన్‌కు క్లాసెన్‌ను 23 కోట్లకు ఉంచుకుంది. జట్టు మొత్తానికి ఇచ్చిన పర్స్ 120 కోట్లు కాబట్టి, అతనికిచ్చిన ప్రతి రూపాయీ ఇంకొకరికి తగ్గించాల్సిందే. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి కట్టుదిట్టమైన పరిమితి లేదు, ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చు. కానీ ఒక గీత దాటితే పన్ను పడుతుంది. దాన్నే లగ్జరీ ట్యాక్స్ అంటారు. 2026కు ఆ గీత 24.4 కోట్ల డాలర్ల దగ్గరుంది. దానిపైన మెట్లు మెట్లుగా ఇంకో మూడు గీతలు, ఆఖరిది 30.4 కోట్లు. వరసగా మూడో ఏడాదో ఆ తర్వాతో గీత దాటిన టీమ్, ఆఖరి గీత పైకి కూడా వెళ్తే, అక్కడి నుంచి పెట్టే ప్రతి డాలరుకూ 110 శాతం పన్ను కట్టాలి. ఈ ఆఖరి మెట్టు వచ్చిందే కోహెన్ లాంటి వాళ్లను దృష్టిలో పెట్టుకుని. అందుకే దానికి కోహెన్ ట్యాక్స్ అని ముద్దుపేరు కూడా ఉంది.

అలోన్సో కాంట్రాక్టు ఏడాదికి 3.1 కోట్ల డాలర్లు. ఆఖరి గీత పైన ఉన్న మెట్స్‌కు దాని మీద పన్ను 3.41 కోట్లు, అంటే మొత్తం 6.5 కోట్లు. గీతకు చాలా కింద ఉన్న ఓరియోల్స్‌కు మాత్రం 3.1 కోట్లు 3.1 కోట్లే. 2025లో అలోన్సో విలువ, లెక్కలు కట్టే సైట్ల ప్రకారం, మామూలు బెంచి ఆటగాడు ఆడి ఉంటే వచ్చే గెలుపుల కంటే మూడున్నర గెలుపులు ఎక్కువ. మార్కెట్లో ఒక్కో గెలుపు 80-90 లక్షల డాలర్లకు దొరుకుతుందని స్థూలంగా ఒక అంచనా. ఆ లెక్కన బాల్టిమోర్ సరిగ్గా మార్కెట్ ధర పెట్టింది. అదే గెలుపుకు మెట్స్ కోటీ 85 లక్షలకు పైగా పెట్టాల్సి వచ్చేది. కోహెన్ దగ్గర డబ్బులేక కాదు, హువాన్ సోటోకు పదిహేనేళ్లకు 76.5 కోట్లు రాసిచ్చిన మనిషే కదా. కానీ రెట్టింపు ధర పెట్టి కొనేటప్పుడు ఆ వస్తువు ఐదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో రెండుసార్లు చూసుకోవాలి.

ఇక్కడే అసలు తలనొప్పి. అలోన్సోకు 2025 డిసెంబర్‌లో 31 నిండాయి. కాంట్రాక్టు 2030 దాకా, అంటే 35 దాటేవరకూ. కుడిచేత్తో కొట్టే, మెల్లగా పరిగెత్తే ఫస్ట్ బేస్ ఆటగాడు, అంటే మొదటి బేస్ దగ్గర నిలబడి ఫీల్డింగ్ చేసేవాడు. రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే షార్ట్‌స్టాప్‌కు కాళ్లు బరువెక్కితే థర్డ్ బేస్‌కు పంపొచ్చు, సెంటర్ ఫీల్డర్‌ను ఎడమవైపుకు జరపొచ్చు. ఫస్ట్ బేస్ ఆడేవాడిని ఎక్కడికి జరుపుతారు? ఫీల్డింగ్ చేయకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే డిజిగ్నేటెడ్ హిట్టర్ (డీహెచ్) ఒక్కటే మిగిలిన చోటు, అక్కడ బ్యాట్ తప్ప ఇంకేదీ లెక్కలోకి రాదు. బ్యాట్ వేగం కాస్త తగ్గితే ముందు బయటపడేది ఛాతీ ఎత్తులో వచ్చే ఫాస్ట్‌బాల్ దగ్గర. నిన్నటిదాకా గోడ దాటిన బంతి ఇవాళ వెనక్కి ఫౌల్ పోతుంది. దాన్ని అందుకోవాలని ముందే బ్యాట్ ఊపడం మొదలుపెడతాడు. అప్పుడు బయటికి తిరిగే స్లైడర్‌కు దొరికిపోతాడు. ఇదంతా మెల్లగా జరగదు. ఒక్కోసారి ఒక్క చలికాలంలో జరిగిపోతుంది.

ఫిలడెల్ఫియా వాళ్లనడగండి. వాళ్ల టీమ్ ఫిలీస్ ఫస్ట్ బేస్ ఆటగాడు రయాన్ హోవర్డ్ 2006లో 58 హోమ్ రన్లు కొట్టి ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. అతని కాంట్రాక్టు ఇంకా 2011 దాకా ఉండగానే, 2010 ఏప్రిల్‌లో ఫిలీస్ తొందరపడి 2012 నుంచి ఐదేళ్లకు 12.5 కోట్లు రాసిచ్చారు. కొత్త కాంట్రాక్టు మొదలవకముందే, 2011 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్లలో) సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో ఆఖరి ఆటలో, సీజన్ ఆఖరి అవుట్ అతనిదే. బంతిని నేలబారుగా కొట్టి ఫస్ట్ బేస్ వైపు పరిగెడుతూ దారిలోనే కుప్పకూలాడు. కాలి మడమ వెనక స్నాయువు, అకిలిస్ అంటారే, అది తెగింది. అవతల కార్డినల్స్ గంతులేస్తుంటే ఇతను బేస్‌లైన్ మీద లేవలేక కూర్చున్నాడు. తర్వాత ఆడలేదని కాదు. 2016లో కూడా 25 హోమ్ రన్లు కొట్టాడు, కానీ సగటు .196, అంటే పదిసార్లు బ్యాట్ పడితే రెండు హిట్లు కూడా లేవు. చివరికి కాంట్రాక్టును 2017కు పొడిగించుకునే ఆప్షన్ వద్దనుకోవడానికి టీమ్ ఇంకో కోటి డాలర్లు చేతిలో పెట్టి పంపింది. గాయం ఎవరి చేతిలోనూ ఉండదు, నిజమే. కానీ రెండేళ్ల ముందే సంతకం పెట్టమని ఎవరు తరిమారు?

దీనికంటే పెద్ద దెబ్బ తగిలింది ఎవరికో తెలుసా? ఇప్పుడు అలోన్సోను తీసుకున్న ఓరియోల్స్‌కే. క్రిస్ డేవిస్, అతనిదీ ఫస్ట్ బేసే. 2013లో 53 హోమ్ రన్లు, 2015లో 47. 2016 జనవరిలో ఏడేళ్లకు 16.1 కోట్లు. 2018 వచ్చేసరికి సగటు .168. ఆ సెప్టెంబర్‌లో మొదలైన కరువు 2019 ఏప్రిల్ దాకా సాగింది. వరసగా 54 సార్లు బ్యాట్ పట్టి ఒక్క హిట్ కూడా లేదు. పిచ్చర్లను (బంతి వేసేవాళ్లను) మినహాయిస్తే చరిత్రలో అంతకుముందు ఎవరికీ అంత కరువు లేదు. ఏప్రిల్ 13న ఫెన్‌వే పార్క్‌లో ఒక సింగిల్ పడ్డాక డగౌట్‌లో వాళ్లు పండగ చేసుకున్నారు. ఏడాదికి రెండు కోట్లకు పైగా తీసుకునే మనిషి సింగిల్ కొడితే పండగ! 2021లో రిటైర్ అయ్యాడు. డబ్బులో కొంత వాయిదాల మీద ఇచ్చే ఒప్పందం కాబట్టి 2037 దాకా ఓరియోల్స్ కడుతూనే ఉంటారు. అంటే అలోన్సో కాంట్రాక్టు మొత్తం ముగిసినా డేవిస్‌ది ముగియదు. మెట్స్ అభిమానులు నవ్వక్కర్లేదు, మన మాజీ ఆటగాడు బాబీ బొనిల్లాకు ప్రతి జూలై 1న మనమూ 2035 దాకా చెక్కు రాయాలి.

అయితే అలోన్సోను డేవిస్‌తో పోల్చి భయపడేవాళ్లతో నేను ఏకీభవించను. డేవిస్ కాంట్రాక్టుకు ముందు ఏడాదే, 2015లో, 208 సార్లు స్ట్రైకౌట్ (బంతిని కొట్టలేక అవుట్) అయ్యాడు. తర్వాతి ఏడాది 219. అలోన్సో ఏ ఏడాదీ 200కు చేరలేదు. 2025లో అతని 38 హోమ్ రన్లను అందరూ చూశారు. నాకు నచ్చింది మాత్రం 41 డబుల్స్ (రెండో బేస్ దాకా తీసుకెళ్లే హిట్లు), .272 సగటు. అంతకుముందు ఏడాది సగటు .240, హోమ్ రన్లు 34. బంతిని గాల్లోకి ఎగరేయడమే కాకుండా గట్టిగా, బల్లపరుపుగా కొట్టడం పెరిగింది. 2024లోనూ 2025లోనూ 162 ఆటలకు 162 ఆడాడు. ఇలాంటివాడు ఒక్క చలికాలంలో మాయమైపోయే అవకాశం తక్కువ. మెల్లగా జారతాడు. మొదటి రెండేళ్లూ బాగుంటాయి, మూడోది ఫరవాలేదు, నాలుగూ ఐదూ గుదిబండ. నా అంచనా ఇది.

అందుకే చెప్పేది, మొత్తం అంకె చూసి బెదరొద్దు, ఎన్నేళ్లన్నది చూడాలి. 2025 ఫిబ్రవరిలో మెట్స్ అతనితో చేసుకున్న ఒప్పందం నా దృష్టిలో పవర్ హిట్టర్‌తో చేసుకోవాల్సిన ఒప్పందానికి మంచి నమూనా. రెండేళ్లకు 5.4 కోట్లు, మొదటి ఏడాదే అందులో 3 కోట్లు, కావాలంటే ఏడాది తర్వాత అతను బయటికి పోవచ్చు. ఏడాదికి చూస్తే భారీ రేటే. కానీ ఎదురుగా ఉన్న ఏడాదికి ఇస్తున్నారు, ఎప్పుడో రాబోయే 35వ ఏటికి కాదు. నెల్సన్ క్రూజ్ సంగతీ ఇలాంటిదే. 34 ఏళ్లవాడిని సియాటిల్ నాలుగేళ్లకు తీసుకుంటే అందరూ నవ్వారు. వరసగా 44, 43, 39, 37 హోమ్ రన్లు కొట్టాడు. డేవిడ్ ఓర్టిజ్ బోస్టన్‌లో చిన్న చిన్న ఒప్పందాల మీదే నెట్టుకొచ్చి, 40 ఏళ్ల వయసులో, ఆఖరి సీజన్‌లో 38 హోమ్ రన్లు కొట్టి వెళ్లాడు. మరి ఆరన్ జడ్జ్‌కు యాంకీస్ తొమ్మిదేళ్లకు 36 కోట్లు ఇచ్చారు కదా అంటారేమో. జడ్జ్ అవుట్‌ఫీల్డ్‌లో సెంటర్ కూడా ఆడగలడు, బంతిని వదిలేసి వాక్ (ఉచితంగా ఫస్ట్ బేస్) తీసుకోవడంలోనూ మొనగాడు. ఆ తర్వాత 2024, 2025 ఎంవీపీలు రెండూ అతనివే. అతన్ని ఉత్త పవర్ హిట్టర్ అనలేం.

వదిలేసి బాగుపడ్డ కథ కావాలంటే ఆల్బర్ట్ పుహోల్స్‌ది చూడండి, అది చాలా వివరంగా చూడదగ్గది. సెయింట్ లూయిస్‌లో పదకొండేళ్లు, మూడు ఎంవీపీలు, రెండు వరల్డ్ సిరీస్ (ఫైనల్) గెలుపులు. అలోన్సో కంటే ఎన్నో రెట్లు గొప్ప ఆటగాడు, ఆ ఊళ్లో దేవుడు. 2011 వరల్డ్ సిరీస్ గెలిచిన వేడి చల్లారకముందే, డిసెంబర్‌లో ఏంజెల్స్ పదేళ్లకు 24 కోట్లిచ్చి తీసుకెళ్లారు. ఊరంతా కార్డినల్స్‌ను తిట్టింది. వాళ్లు ఏం చేశారంటే, కార్లోస్ బెల్ట్రాన్‌ను రెండేళ్లకు 2.6 కోట్లకు తెచ్చుకున్నారు. 2012లో బెల్ట్రాన్ 32 హోమ్ రన్లు కొట్టాడు, పుహోల్స్ 30. అంతటితో అయిపోలేదు. ఫ్రీ ఏజెంట్ (కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు) వెళ్లిపోయినందుకు పరిహారంగా ఏంజెల్స్ డ్రాఫ్ట్ పిక్, అంటే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతు, వీళ్లకు వచ్చింది. దానితో మైకేల్ వాకా అనే పిచ్చర్‌ను తీసుకున్నారు. మరుసటి ఏడాది అక్టోబర్‌లో ఆ కుర్రాడే లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ ఎంవీపీ, కార్డినల్స్ మళ్లీ వరల్డ్ సిరీస్‌లో. అటు పుహోల్స్ ఉన్నన్నాళ్లూ ఏంజెల్స్ ప్లేఆఫ్స్‌కు వెళ్లింది ఒక్కసారి, 2014లో. అక్కడ ఒక్క ఆట కూడా గెలవలేదు. 2021 మే నెలలో, కాంట్రాక్టు పూర్తవకముందే పంపేశారు. మైక్ ట్రౌట్ లాంటి మేటి ఆటగాడు పక్కనే ఉండి కూడా ఇంతే.

ఈ కథలో రెండు సగాలున్నాయి. ఖరీదైనవాడిని వదలడం ఒక సగం. వదిలాక ఆ డబ్బుతో, ఆ చోటులో ఏం పెట్టారన్నది రెండో సగం. మెట్స్ గురించి నాకున్న కోపమంతా రెండో సగం మీదే.

పుహోల్స్ పోయినప్పుడు కార్డినల్స్‌కు వచ్చినట్టు అలోన్సో పోయినప్పుడు మెట్స్‌కు పరిహారం పిక్ రాలేదు. 2024 చివర్లో మెట్స్ అతనికి క్వాలిఫయింగ్ ఆఫర్ (దాన్ని కాదని ఆటగాడు వేరే టీమ్‌కు పోతే పాత టీమ్‌కు పిక్ వస్తుంది) ఇచ్చారు, ఒక ఏడాదికి 2.1 కోట్ల చిల్లర. అతను వద్దన్నాడు. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం ఆ ఆఫర్ ఒక ఆటగాడికి జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. కాబట్టి ఈసారి వెళ్లిపోయినప్పుడు మెట్స్ చేతికి ఏమీ రాలేదు. అతని స్థానంలో తెచ్చింది హోర్హే పొలాంకోను, రెండేళ్లకు 4 కోట్లు. 2025లో సియాటిల్‌లో 26 హోమ్ రన్లు కొట్టాడు, మంచి బ్యాటరే. కానీ సెకండ్ బేస్ ఆటగాడు, ఫస్ట్ బేస్ దాదాపు ఆడనే లేదు. అలోన్సో కంటే ఏడాదికి పైగా పెద్దవాడు కూడా. మళ్లీ పన్ను లెక్క వేయండి. ఏడాదికి 2 కోట్లు, దాని మీద 2.2 కోట్ల పన్ను, మొత్తం 4.2 కోట్లు. అలోన్సోకు అయ్యేది 6.5 కోట్లు. మొదటి రెండేళ్లూ, అంటే అలోన్సో బాగా ఆడతాడని అందరూ నమ్మే రెండేళ్లూ, మిగిలేది ఏడాదికి 2.3 కోట్లే. మెట్స్ నిజంగా తప్పించుకున్నది మూడు, నాలుగు, ఐదు ఏళ్లను. వాటిని తప్పించుకోవడం సబబే. కానీ మూడేళ్లకు ఏడాదికి 4 కోట్ల చొప్పున గట్టిగా ఒక ఆఫర్ పెట్టి చూడాల్సింది. అతను ఐదేళ్లే కావాలని పోయి ఉండొచ్చు, పోనీ. ఈసారి మెట్స్ అసలు ఆఫరే పెట్టలేదని వార్తలొచ్చాయి. అది బేరం కాదు, తలుపు వేసేయడం.

మెట్స్‌లో ఆటగాళ్ల కాంట్రాక్టులు చూసే డేవిడ్ స్టెర్న్స్ తలుపు ఎందుకు వేశాడన్నది మాత్రం నాకు అర్థమవుతుంది. 2025 జూన్ 12 గుర్తుందా? ఆ రోజుకు మెట్స్ 45 గెలుపులు, 24 ఓటములతో మొత్తం లీగ్‌లోనే ముందున్నారు. వాషింగ్టన్‌తో ఆట, పిచ్చర్ కొడాయ్ సెంగా. ఫస్ట్ బేస్ వైపు నేలబారు బంతి వచ్చింది. అలోన్సో ఆపాడు, బేస్ కవర్ చేయడానికి సెంగా పరిగెత్తాడు. ఏ రోజూ సాధన చేసే మామూలు త్రో. అది ఎత్తుగా పోయింది. సెంగా ఎగిరి అందుకుని, కాలు సాగదీసి బేస్ తొక్కాడు, అవుట్ కూడా చేశాడు. వెంటనే తొడ వెనక పట్టుకుని నేల మీద పడ్డాడు. అప్పటికి అతని ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చే పరుగులు) 1.47. తిరిగొచ్చాక ఆ పిచ్చర్ మళ్లీ కనిపించలేదు, సెప్టెంబర్‌లో మైనర్ లీగ్‌కు పంపాల్సి వచ్చింది. జూన్ 12 తర్వాత మెట్స్ 38 గెలిచి 55 ఓడారు, ఆఖరి రోజు మయామీ చేతిలో ఓడి ప్లేఆఫ్స్ కూడా పోగొట్టుకున్నారు. ఆ పతనమంతా ఒక్క త్రో వల్ల అనను, మిగతా పిచ్చర్లు కూడా చేతులెత్తేశారు. కానీ సోటో 43, అలోన్సో 38 కొట్టిన ఏడాది కూడా ఈ టీమ్ ఇంట్లో కూర్చుందంటే, కొరత హోమ్ రన్లలో లేదని స్టెర్న్స్ కుర్చీలో ఉన్న ఎవరికైనా అనిపిస్తుంది. అలోన్సో కొట్టిన పరుగులు స్కోర్‌బోర్డు మీద కనిపిస్తాయి. ఫస్ట్ బేస్ దగ్గర వదిలినవి ఎక్కడా కనిపించవు. టీమ్ లెక్కలో రెండూ ఒకే పట్టీలో పడతాయి.

బాల్టిమోర్‌లో పరిస్థితి వేరు. అక్కడ పెద్ద జీతాలు తీసుకోని కుర్ర బ్యాటర్లు ఉన్నారు, పన్ను భయం లేదు. నమ్మకంగా రోజూ ఆడే పెద్ద బ్యాట్ ఒకటి కావాలి. ఇంకో చిన్న సంగతి. ఓరియోల్స్ మైదానం కామ్డెన్ యార్డ్స్‌లో ఎడమవైపు గోడను 2022లో బాగా వెనక్కి జరిపారు, కుడిచేతి బ్యాటర్లు లబోదిబోమన్నారు. 2025కు దాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. గోడ అక్కడే ఉండి ఉంటే అలోన్సో ఇంత ఉత్సాహంగా సంతకం పెట్టేవాడా అని నాకో అనుమానం. అతనికి ఫస్ట్ బేస్ బరువైతే డీహెచ్‌లో ఆడించుకోవచ్చు. 2022 నుంచి రెండు లీగ్‌లలోనూ డీహెచ్ ఉంది కాబట్టి ఈ విషయంలో మెట్స్‌కూ అదే వెసులుబాటు ఉండేది. రయాన్ హోవర్డ్ రోజుల్లో ఫిలీస్‌కు అదీ లేదు.

2026 సీజన్‌లో అలోన్సో 40 కొట్టాడనుకోండి, మీ వాట్సాప్ గ్రూపుల్లో స్టెర్న్స్‌ను ఉతికి ఆరేస్తారు. దానికి తొందరపడి తలూపకండి. మొదటి ఏడాది బాగా ఆడతాడన్న విషయంలో ఎవరికీ తేడా లేదు. ఈ కాంట్రాక్టు పరీక్ష 2028లో మొదలవుతుంది. అప్పుడు ఛాతీ ఎత్తు ఫాస్ట్‌బాల్‌ను అతను ఏం చేస్తున్నాడో చూడండి, హోమ్ రన్ల అంకె తర్వాత.

మీ అబ్బాయి విషయానికొస్తే, ఆ 20వ నంబర్ మెట్స్ జెర్సీని పారేయనివ్వకండి. రూకీగా, అంటే తొలి ఏడాదే, 53 హోమ్ రన్లు కొట్టి రికార్డు పెట్టింది, డారిల్ స్ట్రాబెరీ పాత మెట్స్ రికార్డు 252ను దాటి 264కు చేరింది, అన్నీ ఆ నంబర్‌తోనే. బాల్టిమోర్‌లో అతనికి 20 దొరకదు. దాన్ని తమ పాత ఆటగాడు ఫ్రాంక్ రాబిన్సన్ పేరున ఎప్పుడో రిటైర్ చేశారు. పిల్లాడికి కోపం తగ్గాక ఆ కథ కూడా చెప్పండి, నేను పైన రాసిన లెక్కలన్నిటికీ అది ఎదురు నిలుస్తుంది. 1965 డిసెంబర్‌లో సిన్సినాటి రెడ్స్, రాబిన్సన్‌కు ముప్పై వచ్చేశాయి, ఒంట్లో వయసు అంతకంటే ఎక్కువే అనుకుని, ప్రధానంగా మిల్ట్ పాపస్ అనే పిచ్చర్ కోసం అతన్ని ఓరియోల్స్‌కు ఇచ్చేశారు. 1966లో రాబిన్సన్ 49 హోమ్ రన్లు, 122 ఆర్‌బీఐలు (అతని బ్యాట్ వల్ల టీమ్‌కు వచ్చిన పరుగులు), .316 సగటుతో, మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడై ట్రిపుల్ క్రౌన్ కొట్టాడు, ఎంవీపీ అయ్యాడు. ఆ అక్టోబర్‌లో ఓరియోల్స్ డాడ్జర్స్‌ను నాలుగుకు నాలుగూ ఓడించి తమ మొదటి వరల్డ్ సిరీస్ గెలిచారు.